‘ప్రైడ్ అండ్ గ్లోరీ’, ‘వీ ఓన్ ది నైట్’: ఏది మేలు?

న్యూయార్క్ పోలీసు కుటుంబాల సినిమాల ప్రస్తావన వచ్చినప్పుడల్లా నాకు ఎదురయ్యే ప్రశ్న దాదాపు ఒక్కటే: ఉన్నది ఒక్క సాయంత్రమైతే ‘ప్రైడ్ అండ్ గ్లోరీ’ చూడాలా, ‘వీ ఓన్ ది నైట్’ చూడాలా? ఈ సందేహం సహజమే. జేమ్స్ గ్రే తీసిన ‘వీ ఓన్ ది నైట్’ 2007లోనూ, గావిన్ ఓకానర్ తీసిన ‘ప్రైడ్ అండ్ గ్లోరీ’ 2008లోనూ విడుదలయ్యాయి. రెండింటిలోనూ పోలీసు శాఖలో పెద్ద హోదా చూసిన తండ్రి ఉన్నాడు, ఆయన అడుగుజాడల్లో నడిచిన కొడుకు ఉన్నాడు, కాస్త పక్కకు తొలగిన మరో కొడుకు ఉన్నాడు. చూసిన ఏడాదికే ఏ సన్నివేశం ఏ సినిమాలోదో కలగాపులగమైపోతుంది. నాకూ అలాగే అయిందని గ్రహించి, ఈ మధ్య రెండింటినీ వరుసగా రెండు రాత్రులు మళ్లీ చూశాను. ముగింపులను దాచిపెట్టి వీటిని పోల్చడం సాధ్యం కాదు కనుక, అవి ముందే తెలియకూడదనుకునేవారు సినిమాలు చూసిన తరువాతే ఇది చదవడం మంచిది.

పోలీసు అవినీతి లోపల ఎలా పనిచేస్తుందో చూడాలనుకునేవారికి ‘ప్రైడ్ అండ్ గ్లోరీ’లోనే ఎక్కువ సరుకు దొరుకుతుంది. ఈ సినిమా వెనుక న్యూయార్క్ నగరపు చరిత్ర కొంత ఉంది. పోలీసు అవినీతిపై విచారణకు 1970లో ఏర్పడిన నాప్ కమిషన్ 1972 నాటి తన నివేదికలో లంచగొండి పోలీసులను రెండు రకాలుగా విడదీసింది. దారిలో దొరికినంత పుచ్చుకునేవారిని గడ్డి మేసేవారనీ, వేటాడి మరీ రాబట్టుకునేవారిని మాంసం తినేవారనీ పిలిచింది. లంచం మరిగినవాణ్ణి గడ్డి తింటున్నాడని తిట్టే మనకు ఈ వర్గీకరణలో మొదటి సగం కొత్తగా ఏమీ అనిపించదు. అసలు సమస్య గడ్డి మేసేవారేననీ, వారి సంఖ్యాబలమే అవినీతిని గౌరవప్రదంగా కనిపించేలా చేస్తోందనీ కూడా ఆ నివేదిక చెప్పింది. 1992లో ఏర్పడిన మాలెన్ కమిషన్ నాటికి పరిస్థితి మారింది. చూసీ చూడనట్లు ఊరుకోవడానికి డబ్బు తీసుకునే దశ దాటి, కొందరు పోలీసులు మాదకద్రవ్యాల వ్యాపారులనే దోచుకుంటున్నారనీ, ఆ వ్యాపారానికి తామే కాపు కాస్తున్నారనీ తేలింది.

‘ప్రైడ్ అండ్ గ్లోరీ’లో కాలిన్ ఫారెల్ పోషించిన జిమ్మీ ఈగన్ ఈ రెండో కాలానికి చెందినవాడు. వాషింగ్టన్ హైట్స్‌లో ఒక దాడి వికటించి నలుగురు పోలీసులు చనిపోతారు. తప్పిపోయినవారిని వెతికే విభాగంలో కాలం వెళ్లబుచ్చుతున్న రే టియర్నీని (ఎడ్వర్డ్ నార్టన్) తండ్రే బలవంతపెట్టి ఆ కేసు దర్యాప్తులోకి దింపుతాడు. రే తీగ లాగుతూ పోతే ఆ తీగ జిమ్మీ ముఠా దగ్గరకు చేరుతుంది. ఆ ముఠా పనిచేసే స్టేషన్‌కు అధిపతి రే అన్న ఫ్రాన్సిస్. నాప్ నివేదికలో ఈ ఫ్రాన్సిస్‌కు చోటు లేదు. అతను గడ్డీ మేయలేదు, మాంసమూ తినలేదు. కింద ఏదో జరుగుతోందని తెలిసి కూడా ఏమిటని అడగకుండా ఊరుకున్నాడు, అంతే. ఇంట్లో భార్య క్యాన్సర్‌తో చివరి రోజులు గడుపుతూ ఉంటుంది. ఫ్రాన్సిస్‌గా నోవా ఎమరిక్ నటనలో ఆ అలసట, ఆ సిగ్గు రెండూ భుజాల దగ్గరే కనిపిస్తాయి. పెద్ద తారల మధ్య ఈ చిత్రాన్ని మోసినవాడు అతనేనని నా అభిప్రాయం.

ఈ కథలో అసలు ముడి ఒక బంధుత్వంలో ఉంది. జిమ్మీ ఈగన్ రేకు తోబుట్టువు భర్త, అంటే బావ. ఈ మాటను మన భాషలో అనుకున్న క్షణమే కథ బరువు మారిపోతుంది. తోటి ఉద్యోగిపై సాక్ష్యం చెప్పడం వేరు, ఆడపిల్లను ఇచ్చిన ఇంటిపై సాక్ష్యం చెప్పడం వేరు. నిజం చెబితే జైలుకు పోయేది బావ, వీధిన పడేది ఆడబిడ్డ సంసారం. తండ్రి (జాన్ వాయిట్) రేను నోరు మూసుకోమని ఒత్తిడి చేసేటప్పుడు శాఖ పరువుతో పాటు కూతురి కాపురం కూడా ఆయన ముందు ఉంటుంది. క్రిస్మస్ విందు బల్ల దగ్గర ఆయన మత్తులో తడబడుతూ పిల్లల మీద ప్రేమ ఒలకబోసే సన్నివేశాన్ని చూడండి. అందరూ నవ్వుతూనే ఉంటారు, కానీ ఆ ప్రేమ రేపు ఎవరి చేత ఏమి చేయించబోతోందో తలచుకుంటే భయం వేస్తుంది. ఇంత మంచి ముడి వేసిన దర్శకుడు, దానికి కేంద్రంగా ఉండవలసిన జిమ్మీ భార్య మేగన్‌ను మాత్రం పక్కన నిలబెట్టేశాడు. అన్నదమ్ములు గొంతు చించుకుంటున్న ఇంట్లో ఆమె గొంతు దాదాపు వినిపించదు. చిత్రంలో నాకు కనిపించిన మొదటి లోపం ఇది.

రెండో లోపం మరింత పెద్దది, నా తీర్పును నిర్ణయించినది కూడా అదే. ఇటువంటి కథలలో నేను చూసేది ఒకటే: రక్తానికీ ధర్మానికీ మధ్య నిలబెట్టిన మనిషి చేత కథ నిజంగా నిర్ణయం చేయించిందా, లేక ఆ భారాన్ని బయటినుంచి మరెవరో వచ్చి దించేశారా? కెమెరా, నటన, నేపథ్య సంగీతం, కాల్పుల సందడి అన్నీ నా దృష్టిలో దీని తరువాతే.

‘ప్రైడ్ అండ్ గ్లోరీ’ రెండు గంటల పాటు రేను ఆ అంచు వరకు నడిపిస్తుంది. ఒక ఇంట్లోకి చొరబడ్డ జిమ్మీ, కాలుతున్న ఇస్త్రీపెట్టెను పసిబిడ్డ దగ్గరకు తీసుకువెళ్లి తల్లిదండ్రులను బెదిరించే సన్నివేశం చూశాక ప్రేక్షకుడి మనసులో జిమ్మీ పట్ల జాలికి తావు ఉండదు. కానీ రే మనసులో ఉండాలి, ఉంది కూడా. ఆ జాలిని అణచుకుని అతను బావను న్యాయస్థానం దాకా ఈడ్చుకు వెళతాడా? సమాధానం వచ్చేలోపే కథ మరో దారి పడుతుంది. ఇద్దరూ ఒక బారులో పిడిగుద్దులకు దిగుతారు, రే అతనికి సంకెళ్లు వేసి బయటకు తీసుకువస్తాడు, అక్కడ ఎదురుచూస్తున్న ఆగ్రహించిన గుంపు జిమ్మీని కొట్టి చంపేస్తుంది. చివరికి తండ్రి, ఇద్దరు కొడుకులు కలిసి కోర్టు మెట్లు ఎక్కుతారు. నిజమే, రే నిజం చెప్పబోతున్నాడు. అయితే ఆ నిజం ఇప్పుడు చనిపోయినవాడి గురించి. ఆడబిడ్డ భర్తను బతికుండగా బోనెక్కించవలసిన కష్టం రేకు తప్పిపోయింది, ఆ కష్టాన్ని చూపవలసిన పని దర్శకుడికీ తప్పిపోయింది.

‘వీ ఓన్ ది నైట్’లో ఇటువంటి తప్పించుకోవడం లేదు. కథాకాలం 1988. బాబీ (వాకీన్ ఫీనిక్స్) బ్రూక్లిన్‌లో ఒక రష్యన్ యజమాని నడిపే నైట్‌క్లబ్‌కు మేనేజరు. తండ్రి బర్ట్ గ్రుసిన్‌స్కీ (రాబర్ట్ డువాల్), సోదరుడు జోసెఫ్ (మార్క్ వాల్‌బర్గ్) పోలీసు అధికారులు. తన పనికి అడ్డు వస్తుందని బాబీ తండ్రి ఇంటిపేరు వదిలి తల్లి పుట్టింటి పేరు గ్రీన్ పెట్టుకున్నాడు. ఇంటిపేరు మార్చుకోవడం అంటే ఏమిటో తెలుగు పాఠకుడికి విడమరచి చెప్పనక్కరలేదు. కథ మొదలయ్యేనాటికే అతను ఇంటికి పరాయివాడు. రష్యన్ మాదకద్రవ్యాల ముఠా చేతిలో జోసెఫ్‌పై హత్యాయత్నం జరిగాక, తరువాతి వంతు తండ్రిదని తెలిశాక, సిగరెట్ లైటర్‌లో దాచిన మైకుతో మాదకద్రవ్యాల స్థావరంలోకి నడిచి వెళతాడు. అక్కడినుంచి ప్రతి మలుపులోనూ నిర్ణయం అతనిదే, దానికి మూల్యం చెల్లించేదీ అతనే. స్నేహితులు పోతారు, ఉద్యోగం పోతుంది, చివరికి ప్రేమించిన అమాడా (ఎవా మెండెస్) కూడా వెళ్లిపోతుంది.

వానలో కారు వెంటాడే సన్నివేశం గురించి చాలామంది రాశారు. అయినా నా వాదానికి అదే సాక్ష్యం కనుక వదలలేను. నేపథ్య సంగీతం లేదు. వైపర్లు కొట్టుకునే చప్పుడు, బాబీ ఊపిరి, పక్కన అమాడా కేకలు, అంతే. కెమెరా దాదాపుగా బాబీ కారు విడిచి బయటకు రాదు. తండ్రి వేరే కారులో ఉంటాడు. జరుగుతున్నదంతా తడిసిన అద్దంలోంచి బాబీకి ఎంత కనబడుతుందో మనకూ అంతే కనబడుతుంది. తండ్రి తూటా తగిలి కూలిపోవడం కూడా అలాగే చూస్తాం. ఆ వానను తరువాత కంప్యూటర్‌తో చేర్చారని తెలిసినా నాకు దాని బరువు తగ్గలేదు.

దీనికి ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది: ఇందులో పోలీసు అవినీతి ఎక్కడ? లంచం తీసుకునే అధికారి కథకు కేంద్రం కాదు. పోలీసులంతా ఒకే కుటుంబంలా కనిపిస్తారు. అందుకే అవినీతి కథ కావాలన్నవారికి నేను దీన్ని సూచిస్తే కొందరు విసుక్కున్నారు. కానీ తండ్రి మరణం తరువాత ఏం జరిగిందో గమనించండి. మొన్నటి దాకా ఆ క్లబ్బులో మత్తులో తేలిన మనిషికి, రష్యన్ల గుట్టు తెలిసినవాడన్న కారణం చూపి, మామూలు క్రమాన్ని పక్కనపెట్టి పోలీసుగా ప్రమాణం చేయిస్తారు. తండ్రిని చంపినవాణ్ణి వేటాడే పని కొడుకు చేతికే అప్పగిస్తారు. తెరపై ఎవరూ దాన్ని అక్రమం అనరు, ఎందుకంటే డబ్బు చేతులు మారలేదు, మారినది సానుభూతి మాత్రమే. ‘ప్రైడ్ అండ్ గ్లోరీ’లో బంధుప్రీతి నేరాన్ని దాచడానికి పనికివస్తే, ఇక్కడ అదే బంధుప్రీతి యూనిఫారం తొడుక్కుని అందరి మెప్పూ పొందుతుంది. రెండోసారి చూస్తున్నప్పుడు నన్ను ఎక్కువగా కలవరపెట్టినది ఇదే. చివరి వేడుకలో బాబీ యూనిఫారంలో నిలబడి, జనంలో అమాడా కనిపించిందని భ్రమపడి, కాదని గ్రహించి, పక్కనున్న సోదరుడితో ప్రేమను పంచుకుంటాడు. ఆ ముఖంలో విజయం ఎంత వెతికినా నాకు దొరకలేదు.

అందువల్ల నా ఓటు ‘వీ ఓన్ ది నైట్’కే. శాఖ లోపలి మురికి, స్టేషన్ల మధ్య లాగులాటలు, ఒకరినొకరు కాచుకునే తీరు చూడాలన్న ఆసక్తి బలంగా ఉంటే ‘ప్రైడ్ అండ్ గ్లోరీ’ ముందు చూసినా తప్పు లేదు. స్వయంగా పోలీసు కొడుకైన ఓకానర్‌కు ఆ ఇళ్ల మాటతీరు, పండుగ పూట హడావుడి బాగా తెలుసు. పసిబిడ్డల మీద హింసను భరించలేనివారు మాత్రం దాని జోలికి పోకపోవడమే మంచిది.

ఇక మిగిలినవి. సిడ్నీ లూమెట్ తీసిన ‘నైట్ ఫాల్స్ ఆన్ మాన్‌హాటన్’ (1996) ఈ రెండింటికీ పెద్దన్న వంటిది. జిల్లా ప్రాసిక్యూటర్ అయిన కొడుకు, వారెంటు విషయంలో తప్పు చేసిన పోలీసు తండ్రి అన్న పరిస్థితి చట్టం తెలిసినవారికి బాగా నచ్చుతుంది, అయితే ముడి విప్పిన తీరు నాకు మరీ సుఖంగా అనిపించింది. ‘కాప్ ల్యాండ్’ (1997) స్టాలోన్ కోసం చూడవచ్చు. అందులో ఉన్నది విధేయతే కానీ కుటుంబం కాదు. జేమ్స్ గ్రేదే అయిన ‘ది యార్డ్స్’ (2000)లో కుటుంబమూ అవినీతీ రెండూ ఉన్నాయి, కానీ అది రైల్వే కాంట్రాక్టుల కథ. ‘సెర్పికో’ (1973) చాలామంది చూసే ఉంటారు. ‘ప్రిన్స్ ఆఫ్ ది సిటీ’ (1981) రెండు గంటల నలభై అయిదు నిమిషాలు దాటుతుంది కనుక, దానికి ఒక సెలవు రోజు కేటాయించుకోవాలి.