కుట్టు పడని డైరీ కవరు: ఏళ్ల తరబడి వాడాక

జనవరి వస్తే ఎరువుల కొట్టు నుంచో, రొయ్యల మేత డీలరు నుంచో మా ఇంటికి డైరీలు వస్తాయి. నెల్లూరు చుట్టుపక్కల చెరువుల లెక్కలున్న ఇళ్లల్లో డైరీ కొనుక్కునే వాళ్లు తక్కువే. లోపలి కాగితం బాగానే ఉంటుంది. పైన మాత్రం కంపెనీ పేరు బంగారు రంగులో అరచేయంత. పైగా ఒక ఎండాకాలం దాటేసరికి ఆ రెక్సిన్ పొలుసులు పొలుసులుగా రాలి చేతికీ బ్యాగుకీ అంటుకుంటుంది. నా ప్లానర్, చెరువు లెక్కల డైరీ రెండింటికీ సూదీదారం ముట్టకుండా గుడ్డ కవర్లు చేసుకున్నాను. డైరీలు మారాయి గానీ కవర్లు అవే నడుస్తున్నాయి. చేసిన రోజు ముచ్చటగా లేని కవరంటూ ఉండదు, వాడగా వాడగా ఏమైందన్నదే అసలు సంగతి.

నా తీర్పు ముందే చెప్పేస్తాను. గుడ్డని అట్టకి అంటించొద్దు, గుడ్డని గుడ్డకే అంటించాలి.

రెండు రకాలూ వాడాను. అట్టకి నేరుగా అంటించిన కవరు మొదట్లో షాపులో కొన్నదానిలా బిగుతుగా ఉంటుంది. దసరా దాటి ఈశాన్య రుతుపవనాల వానలు మొదలయ్యాక దాని రంగు బయటపడుతుంది. మనకు పెద్ద వానలన్నీ అప్పుడే కదా. గాలిలో చెమ్మకి జిగురు పట్టు తప్పి మధ్యలో బుడగలు లేస్తాయి, ఇల్లంతా ముక్కిపోయిన వాసన ఉంటే డైరీ కూడా అదే వాసన. మైదా ఉడికించి అంటించారా, వెండి పురుగులకి విందే. బైండింగ్ వాళ్లు ఆ జిగురులో చిటికెడు మైలుతుత్తం కలిపేది ఇందుకే. అది విషం, పిల్లలున్న ఇంట్లో నేనైతే దాని జోలికి పోను. తెల్ల జిగురుతో పురుగు బాధ లేదు గానీ పలచటి గుడ్డ అయితే పైకి ఊరి, ఆరాక గట్టి మచ్చలు కడుతుంది. ఇక గన్నుతో వేసే వేడి జిగురు రోహిణి కార్తెలో, స్కూటీ డిక్కీలో మధ్యాహ్నం వరకు ఉందంటే మెత్తబడి జారుతుంది. వీటన్నిటికంటే పెద్ద బాధ, అంటించేసిన కవరు మాసిపోతే ఉతకలేం.

రెండోది తొడుగు. జూన్‌లో పిల్లల పుస్తకాలకు బ్రౌన్ పేపరుతో అట్టలేస్తామే, మడతలు అవే. కాగితం బదులు గుడ్డ, పట్టు కోసం ఇస్త్రీ వేడికి కరిగి అంటుకునే టేపు. చిన్నబజారు మ్యాచింగ్ సెంటర్లలో ఫాల్స్, లైనింగుల పక్కనే దొరుకుతుంది. ఇస్త్రీతో అంటుకునే బక్రం, అంటే కాలర్ల లోపల వేసే బిరుసు గుడ్డ, కూడా అక్కడే.

గుడ్డకి డబ్బు పెట్టాల్సిన పనే లేదు. పేరంటాల్లో, గృహప్రవేశాల్లో తాంబూలంతో పాటు పెట్టిన జాకెట్ ముక్కలు ప్రతి బీరువాలోనూ ఒక దొంతర ఉంటాయి. మళ్లీ ఎవరికో పెడదామని దాచి, ఎవరికీ పెట్టకుండా ఉండిపోయినవి. వాటిలో కాటన్‌వి ఏరుకోండి. పాలిస్టర్ ముక్క టేపు కరిగే వేడికి ముడుచుకుపోవచ్చు. వెంకటగిరి పాత చీర ముక్కతో కూడా ఒకటి చేశాను. ఆ నేత మహా పలచన, కింద బక్రం లేకుంటే పాత అట్ట మీది కంపెనీ పేరు తొంగిచూస్తుంది. వెంకటగిరి 2022లో తిరుపతి జిల్లాలోకి వెళ్లిపోయింది గానీ మా అమ్మకి ఇప్పటికీ అది నెల్లూరు చీరే. ఏ గుడ్డయినా ముందు ఒకసారి నానబెట్టి, గంజి వదిలించి, ఆరేసి ఇస్త్రీ చేయాలి. ముదురు ఎరుపు, మెరూన్ రంగులైతే తడి తెల్లగుడ్డతో రుద్ది చూడండి. రంగు దిగిందంటే వానలో డైరీ అంచులు గులాబీ రంగుకి తిరగడం ఖాయం.

కొలత డైరీ మూసి ఉన్నప్పుడే తీసుకోవాలి. తెరిచి పరిచి కొలిస్తే వీపు దగ్గర గుడ్డ చాలక అట్ట సరిగా మూసుకోదు. నా డైరీ ఏ5 సైజు. అట్ట ఎత్తు 21.5 సెంటీమీటర్లు, ముందు అట్ట అంచు నుంచి వీపు మీదుగా వెనకట్ట అంచు దాకా కొలత టేపు తిప్పితే 32.5. ఎత్తుకి అర సెంటీమీటరు వదులు, పైనా కిందా రెండేసి సెంటీమీటర్ల మడత కలిపితే 26. వెడల్పుకి లోపలికి తిరిగి అట్ట దూరే జేబులు రెండు వైపులా ఏడేసి, చివరి మడతలు ఒక్కొక్కటి కలిపి 48.5. గుడ్డకి నేత అంచు ఉంటే దాన్ని జేబు చివరకి వచ్చేలా వేసుకోండి, పోగులు రావు, ఆ మడత కూడా తప్పుతుంది. బక్రం రెండు ముక్కలుగా వేసి వీపు దగ్గర ఖాళీ వదలాలి. ఒకే ముక్క వేస్తే అక్కడ ఇస్త్రీ మడతలాంటి గీత పడి, గుడ్డ ముందు చిరిగేది ఆ గీత మీదే.

పాడయ్యే చోటు ఒకటే, జేబు మూల. టేపు అతుకు పక్కకి లాగితే గట్టిగా ఆగుతుంది, అరటిపండు తొక్కలా ఒలిస్తే సులువుగా ఊడుతుంది. జేబు మూడు సెంటీమీటర్లే ఉంటే డైరీ తెరిచినప్పుడల్లా మూల ఒలుచుకుపోతుంది. అందుకే ఏడు చెప్పాను. జేబు పైనా కిందా సెంటీమీటరు వెడల్పు టేపు వేసి, ఇస్త్రీపెట్టెని జరపకుండా పదేసి సెకన్లు అదిమి, చల్లారేదాకా కదపకుండా ఉంచితే నెలల తరబడి చూసుకోనక్కర్లేదు. ఇంత చేసినా ఎప్పుడో ఒకప్పుడు మూల లేస్తుంది. ఇంకో అంగుళం టేపు పెట్టి అదమడమే. పెన్ను పెట్టుకునే లూపు మాత్రం టేపుతో నిలవదు. రోజూ లాగేది కాబట్టి ఊడిపోయింది, వదిలేశాను.

ఉతకడం సంగతి. చన్నీళ్లలో, పిండకుండా, నీడన ఆరేస్తే టేపు కవరు చక్కగా వస్తుంది. వాషింగ్ మెషిన్‌లో వేయొద్దు.

మా వీధి టైలరు ఒకసారి చూసి, "ఏందక్కా, రెండు కుట్లేస్తే అయిపోయేదానికి ఇంత తంటా?" అన్నాడు. మూలల విషయంలో ఆయన మాట నిజం, కుట్టు ముందు టేపు చాలదు. మిషను ఉన్న ఇల్లయితే నేనూ కుట్టమనే చెబుతాను. కానీ ఈ ఏడు వచ్చిన డైరీ కిందటిదానికంటే కాస్త పొడుగు, పాత కవరు ఎక్కలేదు. జేబు అతుకుల మీద, పై మడత మీద ఇస్త్రీపెట్టె పెట్టి, వేడిగా ఉండగానే మెల్లగా ఊడదీసి, మడత అర సెంటీమీటరు తగ్గించి మళ్లీ అంటించాను. గుడ్డకి ఒక్క సూది బెజ్జం కూడా లేదు. పాత జిగురు మరక కొంచెం మిగులుతుంది, అది లోపలి వైపే. విప్పేటప్పుడు ఇస్త్రీపెట్టెకీ గుడ్డకీ మధ్య తెల్ల కాగితం పెట్టుకోండి, లేకపోతే పెట్టె అడుగుకి జిగురు అంటి మర్నాడు తెల్లచొక్కా పాడవుతుంది.