ముఖం మీది ఎరుపు, అజెలాయిక్ యాసిడ్ జెల్: రెండేళ్లకు పైగా వాడిన అనుభవం

15 శాతం అజెలాయిక్ యాసిడ్ జెల్‌ను నేను రెండేళ్లకు పైగా, మధ్యలో ఒక్క విరామం తప్ప, ఉదయమూ రాత్రీ ముఖానికి రాస్తున్నాను. రొజేషియా (ముఖం తరచూ ఎర్రబడి, పొక్కులు లేచే దీర్ఘకాలిక చర్మ సమస్య) ఉందని నిర్ధారించిన తరువాత చర్మవ్యాధుల డాక్టరుగారు రాసిచ్చిన మందు ఇది. ఇది ఎంతవరకు పనిచేసిందో చెప్పాలంటే ముందు నా ముఖం ఎర్రబడటంలో క్రీములూ సీరమ్‌ల పాత్ర ఎంత, చర్మం స్వభావం పాత్ర ఎంత అన్నది విడదీసి చెప్పాలి. ఆ లెక్క తేలకుండా వాడితే ఏ మందుకైనా రాని మంచిపేరో, రాకూడని చెడ్డపేరో అంటగడతాం.

మాది విజయవాడ. నాది చామనఛాయ. మన రంగు చర్మంలో ఈ ఎరుపు పుస్తకాల్లోని బొమ్మల్లో ఉన్నట్టు కనబడదు; రాగి రంగులోనో, కాస్త ఊదా కలిసిన గోధుమ రంగులోనో ఉంటుంది. చూసేవారికి ముఖం వాడినట్టు కనిపిస్తుందే తప్ప ఎర్రబడినట్టు అనిపించదు. అనుభవించేవారికి మాత్రం తేడా స్పష్టంగా తెలుస్తుంది. పొయ్యి దగ్గర నిలబడినా, మే నెలలో రిక్షా దిగి నాలుగడుగులు నడిచినా, వేడివేడి చారు తాగినా బుగ్గలు, ముక్కు జేవురించి, అరగంట దాటినా ఆ సెగ చల్లారదు. పైన చిన్న చిన్న పొక్కులు లేస్తాయి, కానీ మొటిమల్లో ఉండే నల్లమచ్చల్లాంటి తలలు వాటికి ఉండవు. ఇంట్లో పెద్దవాళ్లు ఒంట్లో వేడి చేసిందని సబ్జా గింజలు, మజ్జిగ ఇచ్చారు. వాటితో పొక్కులు తగ్గలేదు గానీ, వేడికీ ఈ ముఖానికీ సంబంధం ఉందన్న వారి గమనిక నూటికి నూరుపాళ్లూ సరైనదే.

డాక్టరుగారు మొదట మందు ఇవ్వలేదు. అప్పటిదాకా రాసుకుంటున్న క్రీములూ సీరమ్‌లూ అన్నీ ఆపించారు. సువాసన లేని సాధారణ క్లెన్సర్, అలాంటిదే ఒక మాయిశ్చరైజర్, జింక్ ఆక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్, ఈ మూడే ఉంచి దాదాపు నెల గడవనిచ్చారు. ఆ నెల నాకు అన్నిటికంటే విలువైన సమాచారం ఇచ్చింది. నోటి చుట్టూ, దవడల మీద పొలుసులుగా లేచే చర్మం, కడిగిన వెంటనే బిగుసుకుపోయే బాధ పూర్తిగా పోయాయి. బుగ్గల మీది సెగ, పొక్కులు, ముక్కు పక్కన సన్నని రక్తనాళాలు పైకి కనబడే నెత్తుటి గీతలు ఉన్నచోటే ఉన్నాయి. అంటే ముఖం మీద రెండు ఎరుపులున్నాయి: ఒకటి నేను రాసుకున్నవాటి వల్ల వచ్చింది, రెండవది వాటితో నిమిత్తం లేకుండా ఉన్నది.

ఈ తేడాను గుర్తించడానికి వేళ, చోటు ముఖ్యమని నాకు అర్థమైంది. చర్మాన్ని చికాకు పరిచే పదార్థం వల్ల వచ్చే ఎరుపు రాసిన కొద్ది నిమిషాల్లోనో గంటల్లోనో, రాసినచోటే వస్తుంది, దురద కంటే మంట ఎక్కువ, ఆపితే తగ్గుతుంది. గ్లైకాలిక్ యాసిడ్, రెటినాల్, తక్కువ పిహెచ్‌లో (అంటే ఆమ్లగుణం ఎక్కువగా) ఉండే విటమిన్ సి సీరమ్‌లు ఎక్కువగా ఈ కోవలోకి వస్తాయి. అలర్జీ అలా కాదు. ఒకటి రెండు రోజులు ఆలస్యంగా లేచి, దురద పెట్టి, కనురెప్పల లాంటి పలచని చర్మానికి కూడా పాకుతుంది. అప్పటికి ఏది రాసుకున్నామో మరిచిపోతాం కనుక నింద చాలాసార్లు నిన్న కొన్న సీసా మీద పడుతుంది, అసలు కారణమైన పాత క్రీము తప్పించుకుంటుంది. ఏళ్ల తరబడి హాయిగా వాడిన వస్తువుకు కూడా ఒకనాడు అలర్జీ పుట్టవచ్చు.

నోటి చుట్టూ వచ్చింది ఏమిటో తేల్చడానికి నాకు ప్యాచ్ టెస్టు చేశారు. వీపు మీద చిన్న చిన్న గిన్నెల్లాంటి వాటిలో పదార్థాలు పెట్టి టేపులతో అంటించారు. 48 గంటల తరువాత తీసి ఒకసారి, 96 గంటలకు మరోసారి చూశారు. చివరిసారి చూసేదాకా వీపు తడవకూడదు, చెమట పట్టకూడదు. కోస్తాలో ఈ పరీక్ష చేయించుకోవాలనుకునేవారు వేసవిలో పెట్టుకోకపోవడమే మేలు. సువాసన పదార్థాల మిశ్రమం ఉన్న గడి దగ్గర ఎర్రటి దద్దు లేచింది. అప్పటిదాకా నేను వాడిన ఫేస్‌వాష్‌లోనూ ఒక క్రీములోనూ సువాసన ఉంది. ప్రిజర్వేటివ్‌ల (క్రీములు చెడిపోకుండా కలిపేవాటి) గడుల్లో ఏమీ రాలేదు. అయినా వాటి పేర్లు చదవడం అలవాటు చేసుకోవాలని ఇప్పుడు అందరికీ చెబుతాను, ఎందుకంటే మిథైల్ ఐసోథయజోలినోన్ అనే ప్రిజర్వేటివ్ వల్ల అలర్జీలు అంతగా పెరగబట్టే రాసుకుని వదిలేసే సౌందర్య సాధనాల్లో దాన్ని 2017 నుంచి యూరోపియన్ యూనియన్ నిషేధించింది. మొక్కల నుంచి వచ్చింది కాబట్టి ఏమీ కాదన్న నమ్మకం కూడా నిలవదు. గంధం, పసుపు, కుంకుమ, వీటన్నిటికీ అలర్జీలు నమోదయ్యాయి.

ఇక జెల్ సంగతి. మొదటి ఎరుపుకు కారణమైనవి తొలగిపోయాక, రెండవదానికి ఇది మొదలుపెట్టాను. తెల్లగా, కాస్త దళసరిగా, వాసన లేకుండా ఉంటుంది. శనగగింజంత తీసుకుంటే ముఖమంతా సరిపోతుంది. రాసిన నిమిషంలోపే ముక్కు పక్క మడతల్లో చీమలు పాకినట్టు చుర్రుమని మొదలై, పది పదిహేను నిమిషాలుండి పోయేది. మొదటి రెండు మూడు వారాలు ఇది దాదాపు రోజూ ఉంది, తరువాత బాగా తగ్గింది, ఇప్పుడు ఎప్పుడో ఒకసారి మాత్రమే. చాలామంది ఈ మందును వదిలేసేది ఇక్కడే. కానీ ఈ మంట ఉన్నంతసేపే ఉండి, మర్నాడు పొద్దున చర్మం మామూలుగా ఉంటే భయపడాల్సింది లేదు. పొద్దున్నకి కూడా ఎర్రగా, పొలుసులుగా, దురదగా ఉంటే ఆపి డాక్టరుకు చూపించాలి. ముందుగా పలచగా మాయిశ్చరైజర్ రాసి, అది ఆరాక జెల్ రాస్తే మంట చాలావరకు తట్టుకోగలిగాను. తడి ముఖం మీద మాత్రం రాయకూడదు.

దీనికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ రొజేషియా చికిత్స కోసం 2002లోనే అనుమతి ఇచ్చింది. ఇదే మందు ఉన్న 20 శాతం క్రీముకు అంతకుముందే మొటిమల కోసం ఇచ్చింది. రొజేషియా ఉన్నవారి చర్మంలో అతిగా తయారై వాపును పెంచే కొన్ని ప్రొటీన్‌లను ఇది అదుపు చేస్తుంది. పేరులో యాసిడ్ ఉన్నా ఇది చర్మం ఊడదీసే రకం కాదు, ఇందులో స్టెరాయిడ్ లేదు. ఫలితం నిదానంగా వస్తుంది. ప్రతి వారం ఉత్తరం వైపు కిటికీ దగ్గర, అదే వేళకు తీసుకున్న ఫొటోలను పక్కపక్కన పెడితే, మొదటి నెలలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. మూడో నెల చివరికి పొక్కులు దాదాపు పోయాయి. ఎప్పుడూ ఉండే ఎరుపు సగానికి సగం పలచబడింది. పొక్కులు మానాక మిగిలే నల్లటి మచ్చలు కూడా తగ్గడం మన చర్మానికి పెద్ద లాభం, ఎందుకంటే చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారీకి కావలసిన టైరోసినేజ్ అనే ఎంజైమ్‌ను కూడా ఇది అడ్డుకుంటుంది. మధ్యలో ఊరు వెళ్లి కొన్ని వారాలు ఆపినప్పుడు పొక్కులు మళ్లీ లేచాయి. ఇది నయం చేసి ముగించే మందు కాదు, వాడుతున్నంత కాలం అదుపులో ఉంచే మందు.

చేయలేనివి కూడా ఉన్నాయి. వేడికి ఒక్కసారిగా ముఖం జేవురించడాన్ని ఇది ఆపలేదు. దానికి నాకు ఉపయోగపడింది పొయ్యికి ఎదురుగా కాకుండా పక్కగా నిలబడటం, చారు గోరువెచ్చగా తాగడం, గొడుగు, సన్‌స్క్రీన్. ఉదయం జెల్ పైన జింక్ సన్‌స్క్రీన్ వెంటనే రాస్తే రెండూ కలిసి ఉండలు కట్టి రాలుతాయి. పావుగంట ఆగి, రుద్దకుండా అద్దితే ఆ ఇబ్బంది లేదు. సున్నిపిండితో ముఖం రుద్దుకోవడం పండుగ పూట కూడా మానేశాను, ఒంటికి మాత్రమే వాడుతున్నాను. ఒకే సమయంలో రెండు కొత్త వస్తువులు మొదలుపెట్టను. ఏదైనా కొత్తది కొంటే మోచేతి మడతలో రోజుకు రెండుసార్లు, వారం పది రోజులు రాసి చూశాకే ముఖానికి తెస్తాను.

ఒక విషయంలో మాత్రం నింద పూర్తిగా క్రీముదే. మా పిన్ని కూతురు మందుల షాపులో అడిగి తెచ్చుకున్న తెల్లబడే క్రీములో హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్‌తో పాటు మొమెటసోన్ అనే స్టెరాయిడ్ ఉంది. రాసినన్నాళ్లు ముఖం నిగనిగలాడింది. ఒక్కరోజు ఆపితే మంటతో ఎర్రబడి, మళ్లీ రాస్తేనే తగ్గేది. ఆ తగ్గడాన్ని చూసి క్రీము మంచిదనీ, ఎండ చెడ్డదనీ అనుకునేది. చర్మం స్టెరాయిడ్‌కు అలవాటు పడిపోయిన స్థితి అది. మన దేశంలో ఇది ఎంత ఎక్కువంటే, స్టెరాయిడ్ పూతమందులను కేంద్ర ప్రభుత్వం 2018లో షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చి, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదంది. అలాంటివారు ఈ జెల్‌ను తమంతట తాము మొదలుపెట్టకుండా, ట్యూబు మీద సన్నగా రాసిన పేర్లు డాక్టరుకు చూపించి, స్టెరాయిడ్‌ను ఎలా మానాలో ముందు తెలుసుకోవాలి.

బుగ్గల ఎరుపుతో పాటు కీళ్ల నొప్పులు, జ్వరం, నోటిపూత ఉన్నా, ఆ ఎరుపు ముక్కు పక్క మడతలను వదిలేసి రెండు బుగ్గలకూ పరుచుకున్నా అది లూపస్ (శరీర రక్షణ వ్యవస్థ తన శరీరం మీదే దాడి చేసే జబ్బు) కావచ్చు. ఏ క్రీము సమీక్షా చదువుతూ కూర్చోకుండా పరీక్షలు చేయించుకోవాలి. కళ్లలో ఇసుక పడ్డట్టు ఉంటే రొజేషియా కళ్లకూ వచ్చి ఉండవచ్చు, కంటి డాక్టరును కలవాలి.

పొక్కులతో కూడిన రొజేషియాకు ఈ జెల్‌ను నేను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను, కనీసం మూడు నెలలు ఓపిక పట్టగలిగితేనే. ముక్కు పక్కనున్న నెత్తుటి గీతలు రెండేళ్ల తరువాత కూడా అలాగే ఉన్నాయి. వాటికి లేజర్ తప్ప దారి లేదని, మన రంగు చర్మానికి లేజర్ వల్ల మచ్చలు పడే అవకాశం ఉందని డాక్టరుగారు చెప్పారు. అంత అవసరం నాకు కనబడలేదు. జెల్ మాత్రం కొనసాగిస్తున్నాను.