జాగ్రత్త: సౌండు సిస్టమ్ కోసం బ్యాటరీ ప్యాకు కొన్నవారు ముందు దానిని తూచి చూడండి

ఆరుబయట జరిగే సభలకూ కూడికలకూ మోసుకెళ్ళగలిగే, బ్యాటరీతో నడిచే సౌండు సిస్టమ్‌ను సొంతంగా తయారు చేసుకోవాలని విడిభాగాలు కొంటున్న వారందరి కోసం ఈ హెచ్చరిక రాస్తున్నాను. నేను ఒకే అమ్మకందారు వద్ద యాంప్లిఫయర్ బోర్డు, బ్యాటరీ ప్యాకు, చార్జరు, ఆ తరువాత ఒక బూస్టరు (వోల్టేజీ పెంచే పరికరం) కొన్నాను. బోర్డు, ప్యాకు, చార్జరు, ఈ మూడింటి మీద రాసి ఉన్న అంకెలూ అబద్ధాలని తేలేసరికి వాపసు గడువు దాటిపోయింది. పోయిన డబ్బు కంటే ఆ చార్జరు వల్ల ఇంట్లో ఎంత ప్రమాదం జరిగి ఉండేదో తలచుకుంటేనే ఎక్కువ భయం వేస్తోంది.

బోర్డు మీద 300 వాట్లు అని రాసి ఉంది. ప్యాకు 12.8 వోల్టుల లిథియం ఐరన్ ఫాస్ఫేట్, 20 ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే బ్యాటరీ నిల్వ సామర్థ్యం) అన్నారు. 4 ఓమ్‌ల (విద్యుత్ నిరోధం కొలత) స్పీకర్లు రెండు నా దగ్గర ముందే ఉన్నాయి. గదిలో పెట్టి వింటే బాగానే అనిపించింది కానీ, ఖాళీ మైదానంలో పెట్టి ఇరవై అడుగులు వెనక్కి నడిచేసరికి గొంతు పలచబడింది, వాల్యూమ్ పెంచితే మాట చీలిపోయింది. అమ్మకందారును అడిగితే, "వోల్టేజీ చాలడం లేదండీ, బూస్టరు పెట్టి 24 వోల్టులు ఇవ్వండి, పూర్తి పవర్ వస్తుంది" అన్నారు. వోల్టేజీ చాలడం లేదన్న మాట నిజమే. ఆ నిజం ముందే చెప్పి ఉంటే నేను ఆ బోర్డూ ఆ ప్యాకూ కలిపి కొనేవాడిని కాను.

ఇక్కడ లెక్క చాలా తేలిక. నా బోర్డు లాంటి, బ్రిడ్జ్ పద్ధతిలో (స్పీకరు తీగలు రెండింటినీ నడుపుతూ) పనిచేసే క్లాస్-డి రకం బోర్డు శబ్దం చీలకుండా ఇవ్వగల పవర్, దానికి అందే వోల్టేజీని అదే అంకెతో గుణించి, వచ్చినదానిని స్పీకరు ఓమ్‌లకు రెట్టింపుతో భాగిస్తే వచ్చే విలువను దాటదు. 12.8 వోల్టులు, 4 ఓమ్‌లు అయితే ఒక్కో చానెల్‌కు సుమారు 20 వాట్లు, 24 వోల్టులైతే 72 వాట్లు. పైగా నా బోర్డులో ఉన్నది టీపీఏ3116 చిప్. దాని డేటాషీట్ (తయారీదారు ఇచ్చే వివరాల పత్రం) 21 వోల్టుల వద్ద 4 ఓమ్‌లకు చానెల్‌కు 50 వాట్లు చెబుతుంది, అది కూడా పది శాతం వికృతితో, అంటే శబ్దం ఆ మేరకు చెడిపోయి. చిప్ మంచిదే, అది ఇవ్వగలిగింది అది ఇచ్చింది. 300 అనే అంకె మాత్రం అమ్మినవారు అతికించినది.

బూస్టరు పెట్టాక శబ్దం నిజంగానే పెరిగింది కాబట్టి నమ్మకం కుదిరి, ఒక సాయంకాలపు సభకు ఆ పెట్టెను తీసుకెళ్ళాను. మొదలైన నలభై నిమిషాలకు, పాటలో డ్రమ్ము గట్టిగా పడిన చోట బోర్డు మీది నీలం లైటు ఒక్కసారి ఆరి వెలిగింది. ఆ తరువాత ప్రతి పెద్ద దరువుకూ ఆరుతూ వెలుగుతూ, చివరకు ఒక పెద్దాయన మాట్లాడుతుండగా వాక్యం మధ్యలో పూర్తిగా ఆగిపోయింది. ప్యాకు తీగ ఊడదీసి మళ్ళీ తగిలిస్తే పనిచేసేది, రెండు నిమిషాలకు మళ్ళీ ఆగిపోయేది. ఆయన మైకు పక్కన పెట్టి, గొంతు పెంచి మిగతా మాటలు పూర్తి చేశారు. వెనుక వరుసల వాళ్ళు లేచి ముందుకు వచ్చి నిలబడి విన్నారు. ఆ దృశ్యం ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది.

మర్నాడు ప్యాకు మీది నీలం తొడుగు కోశాను. లోపల 32700 సైజు సెల్స్ ఉన్నాయి, అంటే 32 మిల్లీమీటర్ల వ్యాసం, 70 మిల్లీమీటర్ల పొడవు గల గొట్టాలు. ఈ సైజులో మంచి కొత్త సెల్ 3.2 వోల్టులతో దాదాపు 6 ఏహెచ్ ఇస్తుంది. 20 ఏహెచ్ నిజం కావాలంటే నాలుగేసి సెల్స్ పక్కపక్కన కలిపిన జట్లు నాలుగు, వరుసగా తగిలించి, మొత్తం పదహారు సెల్స్ ఉండాలి. నా ప్యాకులో ఉన్నవి ఎనిమిది, జట్టుకు రెండే! మిగిలిన చోటంతా తెల్లటి ఫోమ్ ముక్కలు కుక్కారు. ఆ ఎనిమిదీ కొత్తవి కావు. నికెల్ పట్టీని మెల్లగా లేపి చూస్తే దాని కింద అంతకు ముందెప్పుడో వేసిన వెల్డింగు చుక్కల గుర్తులు, వాటిని అరగదీసిన గీతలు కనిపించాయి. ఎక్కడో వాడి తీసేసిన సెల్స్‌కు కొత్త చొక్కా తొడిగి అమ్మారన్నమాట.

తూకం సంగతి అప్పుడే తట్టింది. ఈ సైజు సెల్ ఒకటి సుమారు 140 గ్రాములు ఉంటుంది. పదహారు సెల్స్ అంటేనే రెండుంపావు కిలోలు, పైన బీఎంఎస్ (సెల్స్‌ను కాపాడే చిన్న సర్క్యూటు), తీగలు, తొడుగు. నా ప్యాకు వంటింటి కాటా మీద 1.3 కిలోలు తూగింది. అది వచ్చిన రోజునే, తొడుగు కోయకుండా, ఒక్క నిమిషంలో ఈ మోసం బయటపడి ఉండేది. 12.8 వోల్టులు, 20 ఏహెచ్ అంటే 256 వాట్-అవర్లు. అంత శక్తి ఈ రకం సెల్స్‌తో కిలో మూడువందల గ్రాములలో ఇమడదు.

తూకం అనుమానాన్ని తెలుపుతుంది, సామర్థ్యాన్ని లోడు పరీక్ష తేలుస్తుంది. నేను 12 వోల్టుల, 55 వాట్ల కారు హెడ్‌లైట్ బల్బును ఇటుక మీద పెట్టి, పూర్తిగా చార్జ్ చేసిన ప్యాకుకు తగిలించి, గడియారం చూస్తూ పక్కనే కూర్చున్నాను. ఆ బల్బు విపరీతంగా వేడెక్కుతుంది కనుక దానిని వదిలి వెళ్ళవద్దు. మీటరులో నాలుగున్నర ఆంపియర్లు కనిపించింది. నిజమైన 20 ఏహెచ్ ప్యాకు నాలుగు గంటలకు పైగా వెలిగించాలి, నాది గంటన్నర దాటిన కొద్ది నిమిషాలకే ఆరిపోయింది. అంటే 7 ఏహెచ్. ఆరిపోయే ముందు జట్ల వోల్టేజీ విడివిడిగా కొలిస్తే మూడు జట్లు 3 వోల్టులకు పైనే ఉన్నాయి, నాలుగోది మాత్రం 2.5 కిందికి జారిపోతోంది. బీఎంఎస్ అన్నింటికంటే బలహీనమైన జట్టును చూసే కరెంటు కోసేస్తుంది. సభలో జరిగింది ఇదే. బూస్టరు 24 వోల్టులు నిలబెట్టడానికి, ప్యాకు వోల్టేజీ తగ్గేకొద్దీ మరింత ఎక్కువ కరెంటు లాగుతుంది, దాంతో ఆ ముసలి జట్టు ఇంకా కుంగుతుంది. బూస్టరు కొనమని చెప్పిన సలహా నా ప్యాకును చంపడానికే ఉపయోగపడింది.

ఇక చార్జరు విషయం, దయచేసి దీనిని తేలికగా తీసుకోవద్దు. దాని చీటీ మీద 14.6 వోల్టులు అని ఉంది, ఈ రకం నాలుగు సెల్స్ వరుసకు అదే సరైన అంకె, సెల్‌కు 3.65 చొప్పున. బ్యాటరీకి తగిలించకుండా మల్టీమీటర్ పెడితే 16.8 చూపించింది. అది వేరే రకం లిథియం అయాన్ సెల్స్ నాలుగింటికి వాడే చార్జరు. ఇన్ని రోజులూ ప్రతి రాత్రీ నా ప్యాకు పాడవకుండా ఆపినది ఆ చౌక బీఎంఎస్ ఒక్కటే. అది మొరాయించిన రాత్రి ఏమయ్యేదో చెప్పలేను. ఏ చార్జరు వచ్చినా, బ్యాటరీకి తగిలించే ముందు వోల్టేజీ కొలవండి. ప్యాకు పాజిటివ్ తీగకు, బ్యాటరీకి వీలైనంత దగ్గరలో, తీగ మోయగలిగే కరెంటుకు తగిన ఫ్యూజు ఒకటి తప్పనిసరిగా వేయండి. నాకు వచ్చిన ప్యాకులో అదీ లేదు.

వాట్ల వెంట పడి నేను చేసిన పొరపాటు ఇంకొకటి ఉంది. పవర్ రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్ (శబ్ద తీవ్రత కొలత) మాత్రమే, ఆరుబయట దూరం రెట్టింపయితే తగ్గేది 6 డెసిబెల్స్. ఒక వాటుకు, ఒక మీటరు దూరంలో 90 డెసిబెల్స్ ఇచ్చే స్పీకరు బదులు 96 ఇచ్చేది పెట్టుకుంటే నాలుగు రెట్ల పవర్ ఇచ్చినట్టే, బ్యాటరీ మీద ఒక్క ఆంపియర్ భారం కూడా పెరగదు. బూస్టరు మీద పెట్టిన డబ్బు స్పీకర్ల మీద పెట్టి ఉండవలసింది.

అమ్మకందారుకు తూకం ఫొటో, బల్బు పరీక్ష వివరాలు, వెల్డింగు గుర్తుల ఫొటోలు పంపాను. తొడుగు కోశారు కనుక వారంటీ వర్తించదని ఒక్క వాక్యంలో జవాబు వచ్చింది, ఆ తరువాత జవాబే లేదు. అందుకే చెబుతున్నాను, ప్యాకు రాగానే కోయకండి. పార్సిలు విప్పడం, తూచడం, చార్జరు కొలవడం, బల్బు వెలిగించి సమయం రాసుకోవడం అన్నీ వీడియో తీస్తూ, వాపసు గడువు ఉండగానే ముగించండి. అదే ప్యాకు ఇంకా అమ్మకానికి ఉంది. వివరాల పట్టికలో 20 ఏహెచ్ అనీ, బరువు 1.3 కిలోలు అనీ రెండు అంకెలూ ఒకదాని కింద ఒకటి అలాగే ఉన్నాయి.