కార్ సీట్ హెడ్‌రెస్ట్ 'ట్విన్ ఫాంటసీ': ఒకే ఆల్బమ్ రెండు సార్లు తీశారు, ఏది వినాలి?

పాత ఆల్బమ్‌ని మొదటి పాట నుంచి చివరి పాట దాకా మళ్లీ రికార్డ్ చేసి రిలీజ్ చేశారంటే డబ్బుల కోసమే అయ్యుంటుందని అనుకుంటాం కదా, కార్ సీట్ హెడ్‌రెస్ట్ అనే అమెరికన్ ఇండీ రాక్ బ్యాండ్ తీసిన 'ట్విన్ ఫాంటసీ' అలాంటిది కాదు, అందుకే ఇంత పొడుగు రివ్యూ.

ముందు కథ. అమెరికాలో వర్జీనియా, లీస్‌బర్గ్ అనే ఊరి కుర్రాడు విల్ టొలీడో, ల్యాప్‌టాప్‌లో ఒక్కడే అన్నీ వాయించుకుని, పాడేది మాత్రం ఇంట్లో వాళ్లకి వినపడకూడదని కార్ వెనక సీట్లో కూర్చుని పాడేవాడు. బ్యాండ్ పేరు అక్కడినుంచే వచ్చింది. 2010లో బ్యాండ్‌క్యాంప్‌లో (ఎవరి పాటలు వాళ్లే పెట్టి అమ్ముకునే సైట్) పెట్టడం మొదలెట్టాడు, మొదటి నాలుగు ఆల్బమ్‌లకి పేర్లు కూడా లేవు, 1, 2, 3, 4 అంతే. తర్వాత ఏడాది, 19 ఏళ్ల వయసులో, కాలేజీ చదువుతూ చేసిందే ఈ ట్విన్ ఫాంటసీ.

2011 వెర్షన్ సౌండ్ గురించి మొహమాటం లేకుండా చెప్పాలంటే ఘోరం. గిటార్లు పగిలిపోతుంటాయి, డ్రమ్స్ ఎక్కడో అడుగున, గొంతు గోడ అవతలి నుంచి వస్తున్నట్టు, లిరిక్స్ చూసుకుంటే గానీ సగం మాటలు అర్థం కావు. కానీ పాటలు మాత్రం... 'బీచ్ లైఫ్ ఇన్ డెత్' 12 నిమిషాల పాట, కోరస్ అని ఒకటి పట్టుకుని వేలాడదు, మూడు నాలుగు పాటలు ఒకదాంట్లోంచి ఒకటి పుట్టుకొస్తున్నట్టు వెళ్తుంది, ఒక్కసారి కూడా స్కిప్ చేయబుద్ధి కాదు. ప్రేమించిన అబ్బాయికి చెప్పాల్సినవన్నీ చెప్పలేక పాటల్లో కుక్కేసిన కుర్రాడి ఆల్బమ్ ఇది, ఆ నలిగిపోయిన సౌండ్ దానికి సరిపోయిందనే వాళ్లూ బోలెడు మంది.

2014లో సియాటిల్ వైపు మారాడు, అక్కడ డ్రమ్మర్ ఆండ్రూ కాట్జ్ దొరికాడు, 2015లో మాటడోర్ అనే రికార్డ్ కంపెనీ సైన్ చేసుకుంది, 2016లో 'టీన్స్ ఆఫ్ డినయల్' అసలు సిసలు స్టూడియోలో స్టీవ్ ఫిస్క్ ప్రొడ్యూసర్‌గా చేశారు (ఒక పాటలో ది కార్స్ బ్యాండ్ పాట ముక్క వాడుకున్నందుకు రిలీజ్ ముందే అచ్చైన కాపీలన్నీ నాశనం చేయాల్సొచ్చింది, పాపం). 2018 ఫిబ్రవరిలో కొత్త ట్విన్ ఫాంటసీ.

తేడా ఎక్కడంటే డ్రమ్స్‌లో. కాట్జ్ వాయిస్తుంటే పాట ఎక్కడ ఊపిరి తీసుకోవాలో ఎక్కడ మీద పడాలో తెలిసిపోతుంది, ఇంట్లో ఒక్కడే ఎన్ని లేయర్లు పేర్చినా ఇది రాదు. బెడ్‌రూమ్‌లో కిటికీలకి దుప్పట్లు కట్టి రికార్డ్ చేసుకునే మనవాళ్లు ఈ రెండూ పక్కపక్కన పెట్టి వినండి, మంచి మైక్ కంటే మంచి డ్రమ్మర్ ఎంత మార్చాడో తెలుస్తుంది. 'ఫేమస్ ప్రాఫెట్స్' అయితే 10 నిమిషాల నుంచి 16కి పెరిగింది, ఆ పెరిగిన భాగం సాగదీత కాదు, ఆల్బమ్ మొత్తంలో గుండె పిండేసేది అదే. లిరిక్స్ కూడా కదిలించాడు, 'క్యూట్ థింగ్'లో దేవుణ్ని ఇండీ సింగర్ డాన్ బేహార్ గొంతు ఇమ్మని అడిగేవాడు, ఇప్పుడు ఆర్ అండ్ బి సింగర్ ఫ్రాంక్ ఓషన్ గొంతు అడుగుతున్నాడు, నవ్వొచ్చింది నాకు.

నా ఓటు 2018కే. 'నర్వస్ యంగ్ ఇన్‌హ్యూమన్స్' చివర్లో పాడకుండా మాట్లాడే మాటలు మాత్రం పాతవే బాగున్నాయి, వాటిని ఎందుకు తీశాడో! వినే ఆర్డర్ అడిగితే కొత్తది ముందు, నచ్చితే పాతది. రివర్స్‌లో మొదలెడితే రెండో పాటకే హెడ్‌ఫోన్స్ తీసేస్తారు.

2020లో వచ్చిన 'మేకింగ్ ఎ డోర్ లెస్ ఓపెన్' నాకెక్కలేదు. గ్యాస్ మాస్క్ పెట్టుకుని ఎలక్ట్రానిక్ వైపు వెళ్లాడు, పైగా వినైల్‌లో ఒక రకం, సీడీలో ఒక రకం, ఏది అసలు ఆల్బమో అర్థం కాదు. 2025 'ది స్కాలర్స్' మళ్లీ లైన్‌లోకొచ్చింది, ఈసారి ఒక్కడి ఆల్బమ్‌లా లేదు, బ్యాండ్ మొత్తం కూర్చుని చేసినట్టు వినపడుతుంది. గంటకి పైనే ఉంటుంది, 'ప్లానెట్ డెస్పరేషన్' ఒక్కటే 18 నిమిషాలు దాటుతుంది, కాబట్టి బస్సులో మొదలెట్టకండి, మీ స్టాప్ దాటిపోతుంది.