కీబోర్డు కొనేముందు మైకు వైరు ఎక్కడికి పోతోందో చూసుకోండి

గుంటూరు నుంచి పనిగట్టుకుని బెజవాడ వెళ్లి, 62 వేలు పోసి కీబోర్డు తెచ్చుకున్నాను. షాపు ఏలూరు రోడ్డు వైపు. పేరు రాయను, గొడవ ఇంకా నడుస్తోంది. మైకు పెట్టి పాడితే అపశ్రుతిని అదే సర్దేస్తుందన్నారు, అందుకే కొన్నాను. అక్కడి కుర్రాడు మైకు పట్టుకుని ఓ పల్లవి ఎత్తుకున్నాడు. గొంతు బొంగురే, స్పీకర్లోంచి మాత్రం రికార్డింగులా వచ్చింది. నేనూ పాడాను. నా గొంతు నాకే ముద్దొచ్చింది. అక్కడే పడిపోయాను.

ఇంటికొచ్చి మా అమ్మాయి చేత పాడిస్తే ఎకో తప్ప ఏమీ లేదు. మాన్యువల్ అంతా తిరగేశాను. మైకు సాకెట్ ఉంది, రివర్బు (ఎకో లాంటిదే) ఉంది, ఈక్యూ (బాస్, ట్రెబుల్ సర్దుకునేది) ఉంది. పిచ్ కరెక్షన్, అంటే అపశ్రుతిని సర్దే గుణం, దాని ఊసే లేదు.

శనివారం అమ్మాయిని వెంటబెట్టుకుని మళ్లీ వెళ్లాను. ఈసారి మైకు వైరు వెంటే చూస్తూ పోయాను. అది బల్ల వెనక, మిక్సరు పక్కనున్న అరచేయంత పెట్టెలోకి పోతోంది. గొంతు సర్దింది ఆ పెట్టె, కీబోర్డు కాదు! కుర్రాణ్ని అడిగితే "రెండూ కలిపి వాడుకోవాలి సార్" అన్నాడు, తడుముకోకుండా. పెట్టెకి ఇంకో 11 వేలట.

సరే, పాడి చూడమ్మా అన్నాను. అమ్మాయి శ్రుతి ఐదున్నర, అంటే జీ షార్ప్. పెట్టెలో పెట్టి ఉంచింది సీ మేజర్ స్కేలు, అంటే తెల్లమెట్లు మాత్రమే. ఆ స్కేల్లో జీ షార్ప్ లేనే లేదు. పిల్ల షడ్జమం సరిగ్గా పట్టినా, లాక్కెళ్లి పక్కనున్న తెల్లమెట్టు మీద పడేస్తోంది. కుర్రాడు 12 స్వరస్థానాలకూ మార్చాడు. అప్పుడు అమ్మాయి తోడి రాగంలో గాంధారం పాడింది. ఊగాల్సిన స్వరం టకటకా మెట్లెక్కి దిగింది. సర్దే వేగం బాగా తగ్గిస్తే ఆ ఊపు, అంటే గమకం, కొంత బతికింది. ఇలా గొంతు సర్దే సాఫ్ట్‌వేర్ ఆటో ట్యూన్‌ని 1997లో తెచ్చిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు చమురు వెతికే సంకేతాల లెక్కలు చేసేవాడు. ఆయన్ని తోడి గురించి అడిగి లాభం లేదులెండి.

కొనేవాళ్లు మీ మైకు మీరే పట్టుకెళ్లండి. వైరు నేరుగా కీబోర్డులో గుచ్చించి, కావాలనే కాస్త శ్రుతి తప్పి పాడండి. కీబోర్డుని ట్రాన్స్‌పోజ్ చేసి కూడా పాడండి. సర్దే పెట్టె విడిగా ఉండి, ఒకే స్కేలుకి పెట్టి ఉంటే, మీరు శ్రుతి మార్చిన సంగతి దానికి తెలియదు, అక్కడే బయటపడుతుంది.

వెనక్కి తీసుకోమంటే బిల్లు కింది అచ్చు చూపించాడు: అమ్మిన సరుకు వాపసు లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. లేని గుణం ఉందని చెప్పి అమ్మడం 2019 వినియోగదారుల చట్టం ప్రకారం తప్పే. సరుకు బెజవాడలో కొన్నా, గుంటూరులోనే కేసు వేసుకోవచ్చు. చిక్కల్లా రుజువు దగ్గరే. "మైకుకి పిచ్ కరెక్షన్ ఉంది" అని బిల్లు మీద రాయించుకోండి, రాయనంటే లేచి వచ్చేయండి. నా బిల్లు మీద ఉన్నది ఇంతే: కీబోర్డు, 1.