ఆరేళ్ళుగా గోడ మీద కరెంటు కంచె: ప్యానెల్ చూపించే అంకెను నమ్మకండి

జూబ్లీహిల్స్‌లో వెయ్యి గజాల ఇల్లు. ఆరడుగుల ప్రహరీ మీద ఆరు తీగల పవర్ ఫెన్సింగ్ పెట్టించి ఆరేళ్ళు దాటింది. అడవిపందులు రాకుండా పొలం చుట్టూ కట్టే జట్కా మిషన్‌కి (తీగల్లోకి ఆగి ఆగి షాక్ పల్స్ పంపే పెట్టె) అలారం జోడిస్తే ఎలా ఉంటుందో ఇదీ అంతే. షాక్ ఎంత, తీగ ఏ గేజు, గ్యారంటీ ఎన్నేళ్ళు లాంటివన్నీ అమ్మేవాళ్ళే చెప్తారు. వాళ్ళు ఎత్తని మాట ఎర్తింగ్. నేను రాస్తున్నదంతా దాదాపు దాని గురించే.

మా మిషన్ ప్యానెల్ మీద రోజూ 8.2 కిలోవోల్టులు కనిపించేది. మొదటి ఏడాది ఎవరడిగినా "కళ్ళు మూసుకుని పెట్టించుకోండి" అనే చెప్పాను. ఆ మాటను ఇప్పుడు కొంత సవరించుకోవాలి.

రెండో వేసవిలో ఒక రాత్రి గాలిదుమారానికి పక్కింటి కొబ్బరిచెట్టు నుంచి ఎండుమట్ట విరిగి వెనక గోడ మీద పడింది. మూడో తీగనీ నాలుగో తీగనీ ఒకదానికొకటి ఆనించి అదిమేసి తెల్లారేదాకా అలాగే ఉంది. సైరన్ మోగలేదు. పొద్దున వాచ్‌మన్ చూసి చెప్పాక ప్యానెల్ దగ్గరికి వెళ్తే 8.1 ఉంది. మట్ట తీసేశాక 8.2.

అలారం మోగాలంటే రెండే కారణాలు. తీగ తెగి, చుట్టూ తిరిగి రావాల్సిన పల్స్ మిషన్‌కి చేరకపోవాలి. లేదంటే కరెంటు భూమిలోకి దిగి, వోల్టేజీ మనం పెట్టిన హద్దు కిందికి పడిపోవాలి. మా ఆరు తీగలూ లైవే, అంటే అన్నిట్లోనూ షాక్ కరెంటే. లైవ్‌కి లైవ్ తగిలితే ఏమీ పడదు. మరి మనిషే ఎక్కితే? వాడు ఎండిన గోడ మీద రబ్బరు చెప్పులతో నిలబడి తీగ పట్టుకుంటే, కరెంటు వాడి ఒంట్లోంచి గోడలోకి, గోడలోంచి మట్టిలోకి, మట్టిలోంచి మిషన్ ఎర్త్ రాడ్ (మిషన్‌కి కలిపి భూమిలో దించిన ఇనపకడ్డీ) దాకా తిరిగి రావాలి. ఆ దారి ఎక్కడ బలహీనపడినా షాక్ చురుక్కుమనడంతో సరిపోతుంది, అలారం అసలే మోగదు. ఎవరూ ముట్టుకోనంత సేపూ మాత్రం వోల్టేజీ నిండుగా ఉంటుంది. అంటే ఎర్త్ ఎంత పాడైనా ప్యానెల్ మీద అంకె తగ్గదు. ఈ సంగతి బిగించినవాళ్ళు చెప్పి ఉండాల్సింది. నా కోపమల్లా అక్కడే.

పరీక్ష ఎవరికి వాళ్ళు చేసుకోవచ్చు. ఫెన్స్ టెస్టర్ (కంచె వోల్టేజీ కొలిచే మీటరు) కొనుక్కోండి, మామూలు మల్టీమీటర్ పెడితే పాడైపోతుంది. మిషన్ ఆపి, దానికి వీలైనంత దూరంలో ఒక ఇనపకడ్డీని మట్టిలో దిగగొట్టి లైవ్ తీగకి కలపండి. మిషన్ వేస్తే వోల్టేజీ 2 కిలోవోల్టుల కిందికి రావాలి. రాకపోతే మళ్ళీ ఆపి, ఇంకో కడ్డీ దించండి. తర్వాత మిషన్ వైపు వచ్చి, చివరి ఎర్త్ రాడ్‌కీ, అక్కణ్ణుంచి మీటరు ఎడంలో మట్టిలో గుచ్చిన టెస్టర్ పిన్నుకీ మధ్య కొలవండి. 300 వోల్టుల లోపుంటే ఎర్త్ పనిచేస్తున్నట్టే. మాకు 1,400 వచ్చింది.

తవ్వించాం. బిల్లులో మూడు రాడ్లు, ఒక్కోటి ఆరడుగులు. మట్టిలో ఉన్నవాటిలో రెండు రాడ్లు రెండున్నర అడుగులకే బండ తగిలి ఆగిపోయాయి. దిగని ముక్కని గ్రైండర్‌తో కోసేసి పైన ఛాంబర్ మూత పెట్టారు. కోసిన చోట జింకు పూత పోయి ఎర్రగా తుప్పు, క్లాంపు చేత్తో తిప్పితే తిరుగుతోంది. ఈ చుట్టుపక్కలంతా గ్రానైటు మీద పలచటి మట్టి. వానాకాలం పర్వాలేదనిపించి, మార్చి నుంచి జూన్ దాకా పనికిరాకుండా పోతుంది. మనవాళ్ళు సెలవులకి ఊళ్ళు వెళ్ళి ఇళ్ళు ఖాళీగా ఉండేదీ అప్పుడే.

బాగు చేయించిన తీరు ఇది. ఒకటీ మూడూ ఐదూ తీగల్ని ఎర్త్ చేసి, రెండూ నాలుగూ ఆరూ లైవ్‌గా ఉంచాం. ఇప్పుడు ఎక్కేవాడు రెండు తీగలు కలిపి పట్టుకుంటే చాలు, మట్టితో పనిలేదు. మట్ట పడి తీగలు కలిసినా సైరన్ మోగుతుంది. గోడ మీద పెట్టే కంచెకి మొదటే ఇలా చేయాలి, అదనంగా పట్టేది ఇన్సులేటర్లు, కాస్త కేబులు అంతే. రాడ్లు ఐదు చేసి, మూడేసి మీటర్ల ఎడంతో, బండ తగిలిన చోట ఏటవాలుగా దించి చుట్టూ బెంటొనైట్ (తడిని పట్టి ఉంచే బంకమట్టి) నింపాం. ఉప్పూ బొగ్గూ పోస్తామంటారు, ఒప్పుకోకండి, ఉప్పు జీఐ (జింకు పూత పూసిన ఇనుము) రాడ్‌ని తినేస్తుంది. ఏసీ నీళ్ళు కారే పైపుని ఎర్త్ గుంటలవైపు మళ్ళించాం. ఎండలు ముదిరేకొద్దీ ఏసీలు ఎక్కువ నడుస్తాయి కాబట్టి సరిగ్గా కావాల్సినప్పుడే తడి అందుతుంది. ఇంటి మెయిన్ ఎర్త్‌తో దీన్ని కలపకూడదు, మేము పది మీటర్లు వదిలాం. ఆ మే నెలలో కొలిస్తే 240 వోల్టులు.

దీనికీ ఒక ఇబ్బంది ఉంది. లైవ్, ఎర్త్ పక్కపక్కనే ఉంటే తొండలూ ఉడతలూ రెంటికీ తగులుకుని చచ్చిపోతాయి. అన్నిటికంటే కింది తీగ ఎర్త్‌దే ఉంచి, తీగకీ తీగకీ నాలుగంగుళాలకి తగ్గకుండా చూస్తే చాలా తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. అది బాధగానే ఉంటుంది.

మొదటి వానాకాలం తప్పుడు అలారాల గొడవ వేరే. గేటు కింద దాటించిన వైరు మామూలు ఇంటి వైరు. అది 1,100 వోల్టులకి చేసింది, మనం పంపేది ఎనిమిది వేలు. పైపులోకి నీళ్ళు చేరగానే లీకై రాత్రికి మూడు నాలుగుసార్లు సైరన్. రెండు వారాలయ్యేసరికి వాచ్‌మన్ సైరన్ స్విచ్ కట్టేయడం అలవాటు చేసుకున్నాడు. అతన్ని తప్పు పట్టలేం. రెండు పొరల ఇన్సులేషన్ ఉన్న హై టెన్షన్ కేబుల్ వేశాక ఆగింది. సైరన్ ఆపే తాళం మాత్రం ఇప్పుడు ఇంట్లోనే ఉంటుంది.

కరెంటు పోతే కంచెని నడిపే బ్యాటరీ 12 వోల్టుల 7 ఏహెచ్ (యాంపియర్ అవర్)ది, రెండు మూడేళ్ళే వస్తుంది. నెలకోసారి గంటసేపు మెయిన్ ఆపి చూడండి. మాది మూడో ఏడాది ఇరవై నిమిషాలకే చతికిలబడింది. అలారం మోగితే మనకి ఫోన్ చేసే మాడ్యూల్‌లో సిమ్ రీచార్జ్ గడువు ఎవరికీ గుర్తుండదు, క్యాలెండర్‌లో పెట్టుకోండి. మాడ్యూల్ టూజీదైతే జియో సిమ్ పనిచేయదు.

అనుకోకుండా దొరికిన సుఖం, కోతులు మానేశాయి. అంతకుముందు వంటగది కిటికీ తెరవాలంటే భయపడే అమ్మమ్మగారు ఇప్పుడు వెనక వరండాలో కూర్చుని కూరగాయలు తరుగుతున్నారు. నాకు ఈ కంచె మీద ఇష్టం పోకపోవడానికి సగం కారణం అదే.

కంచె కొనిచ్చేది ఒకటి రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో ఎవరేం చేయాలో ముందే అనుకోకపోతే సైరన్ వల్ల ఉపయోగం లేదు. మా దగ్గర సైరన్ మోగితే పిల్లలూ పెద్దవాళ్ళూ పైన టేకు తలుపున్న గదిలోకి వెళ్ళి గడియ వేసుకుంటారు, ఒకరు 112కి ఫోన్ చేస్తారు, గార్డు వెనక గోడ దగ్గరికి వెళ్ళకుండా ముందు గేటు దగ్గర లైట్లు వేసి నిలబడతాడు. ఆ గార్డుకి శిక్షణ ఉందో లేదో అడగండి. 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం కింద వచ్చిన నమూనా నిబంధనల ప్రకారం కొత్త గార్డుకి 100 గంటలు తరగతిలో, 60 గంటలు బయట శిక్షణ ఉండాలి. సర్టిఫికెట్ చూపించమంటే ఏజెన్సీ మాట దాటేసిందంటే ఇంకో ఏజెన్సీ చూసుకోండి.

పెట్టించుకోవాలా అంటే, మాకు మూడు వైపులా గోడలు, వెనక ఖాళీ ప్లాటు, రాత్రింబవళ్ళు గార్డు ఉన్నాడు, కాబట్టి సరిపోయింది. గేటెడ్ కమ్యూనిటీ విల్లాలో అయితే ఇదే డబ్బు పడకగది తలుపుకీ గడియలకీ పెట్టమంటాను. డ్రైవరూ వంటమనిషీ ఇంట్లోనే ఉండే ఇంట్లో ముందు వాళ్ళ పోలీస్ వెరిఫికేషన్ కానివ్వండి, గోడ సంగతి తర్వాత. ఇంట్లో ఎవరికైనా పేస్‌మేకర్ ఉంటే డాక్టర్ని అడక్కుండా ఈ పని మొదలుపెట్టొద్దు. పెట్టిస్తే, ఆఖరి బిల్లు కట్టేది ఏప్రిల్‌లో ఎర్త్ పరీక్ష మీ కళ్ళముందు చేశాకేనని కొటేషన్ మీదే రాయించుకోండి.