హనుమకొండలో ఒక జూడో క్లాసు: మూడేళ్లు దాటాక నా రివ్యూ

నయీంనగర్ వైపు ఒక హార్డ్‌వేర్ షాపు మీద రేకుల షెడ్డులో నడిచే జూడో, జియు-జిత్సు (ఎదుటివాణ్ణి పట్టి పడేసే, నేల మీద పట్టు బిగించే విద్యలు) క్లాసు గురించి ఇది. పేరు రాయడం లేదు. ఉన్న బ్యాచ్‌లే కిక్కిరిసి ఉన్నాయి, ప్రచారం వద్దని కోచ్ గట్టిగా చెప్పాడు. ఆ చుట్టుపక్కల వాకబు చేస్తే ఎలాగూ తెలిసిపోతుంది. నేను కాజీపేటలో ఉంటాను. బడి టీచర్‌ని, నలభై దగ్గర పడ్డాను. చేరిన కొత్తలోనే రాసి ఉంటే ఇది పొగడ్తల దండకం అయ్యేది, ఎందుకంటే మొదటి నెల ఏ జిమ్‌లో అయినా అందరూ నవ్వుతూనే పలకరిస్తారు. మన తర్వాత చేరినవాళ్లు మనల్ని ఎత్తి పడేయడం మొదలయ్యాక గానీ ఆ చోటు అసలు రంగు తెలియదు.

ఇక్కడ గోడ మీద నీతి వాక్యాలేవీ లేవు. జూడోను మొదలుపెట్టిన జిగోరో కానో ఫోటో ఒకటి ఉంది, అంతే. 1882లో టోక్యోలో బడి పెట్టిన ఆయన, నువ్వూ బాగుపడాలి, నీతో తలపడేవాడూ బాగుపడాలి అనేవాడు. దాని మీద మా కోచ్ ఉపన్యాసం ఇవ్వగా నేను వినలేదు. ఆయన పెట్టినవి చిన్న చిన్న కట్టుబాట్లు. ఎవరి కోసమూ వాటిని సడలించడు.

మొదటిది, కొత్తవాళ్లను కొత్తవాళ్లతో కలపడు. చేరిన కొద్ది నెలలు సీనియర్లతోనే ప్రాక్టీసు. మొదట విన్నప్పుడు గుండె గుభేలుమంది. చూస్తూ ఉంటే అర్థమైంది: దెబ్బలు ఎక్కువగా తగిలేది ఇద్దరు కొత్తవాళ్లు బిగుసుకుపోయి గుంజులాడుకునేటప్పుడే. సీనియర్ అయితే మనం పడేటప్పుడు మన చెయ్యి వదలడు, తల నేలకు తగలకుండా ఆ చెయ్యి పట్టి పైకి లాగుతాడు. కొత్తవాళ్లకు ఏమైనా అయితే తప్పు సీనియర్‌దే, అందులో వాదన లేదు. "నీకు బలం ఉన్నదని మాకు ఎరుకే, మళ్ల చూపియ్యకు" అని కోచ్ ఒక బ్రౌన్ బెల్టు కుర్రాణ్ణి అందరి ముందే అనడం విన్నాను.

ఇక ట్యాప్ సంగతి. పట్టు విడిపించుకోలేమని తెలిస్తే చేత్తో రెండుసార్లు తడితే అవతలివాళ్లు వెంటనే వదిలేయాలి. ఇది మర్యాద కోసం పెట్టింది అనుకునేరు. మెడ రెండు వైపులా రక్తనాళాలు సరిగ్గా నొక్కుకుంటే పది సెకన్ల లోపే స్పృహ తప్పవచ్చు. హీల్ హుక్ లాంటి కాలి పట్టుల్లో నొప్పి తెలిసేసరికే మోకాలి లిగమెంటు దెబ్బతిని ఉండవచ్చు. అంటే పరువు కోసం ట్యాప్ చేయనివాడు నేరుగా ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గరికే. మరి ఇంతమంది ముందు ఓడిపోయానని తట్టడం ఎలా అలవాటు అవుతుంది? మా దగ్గర అది పైనుంచి వచ్చింది. ఆటో నడిపే ఒక తమ్ముడు ఉన్నాడు, బ్లూ బెల్టు. ఒకరోజు కోచ్ మెడ దొరకబుచ్చుకుని వెనక నుంచి బిగించాడు. క్లాసంతా చూస్తోంది. కోచ్ టపటపా తట్టాడు, లేచి కూర్చుని దగ్గి, "ఎట్ల పట్టినవ్‌రా? ఇంకోసారి పట్టు, మోచెయ్యి ఏడ పెట్టినవో చూడనియ్" అన్నాడు. అనుకున్న పాఠం పక్కన పెట్టి మిగతా గంట ఆ తమ్ముడితోనే చెప్పించాడు. తర్వాత ఆ క్లాసులో ట్యాప్ చేయడానికి సిగ్గుపడినవాణ్ణి నేను చూడలేదు.

దురుసుగా వచ్చేవాళ్లు ఉండరా అంటే, ఉంటారు. ముఖ్యంగా బరువులు ఎత్తి కండలు పెంచుకున్న ఇంజనీరింగ్ కుర్రాళ్లు. అలాంటివాణ్ణి ఒక సీనియర్ చేత నలగ్గొట్టించి బుద్ధి చెప్పించడం చాలా చోట్ల రివాజు, చూసేవాళ్లకూ అదో వినోదం. మా కోచ్ అలా చేయడు. సాయంత్రం పిల్లల బ్యాచ్‌కి పంపుతాడు. అక్కడ వాడి పని పడటం. ఎనిమిదేళ్ల పిల్లలు వరుసగా వచ్చి విసురుతుంటే చక్కగా పడి, లేచి, మళ్లీ పడాలి. ఇలా వెళ్లినవాళ్లలో ఒకడు ఇప్పుడు పిల్లలకు ఎంత దగ్గరయ్యాడంటే వాడు రాకపోతే వాళ్లు అలుగుతారు. ఇంకొకడు "నేను ఫైటింగ్ నేర్చుకుందామని వచ్చిన, పిల్లల్ని ఆడించెతందుకు కాదు" అని నెల తిరక్కుండా మానేశాడు. మిగిలిన ఫీజు అడగకుండానే వాపసు ఇచ్చారు.

ఆడవాళ్లు అడుగుతారని ఇది కాస్త వివరంగా రాస్తున్నాను. ఎవరితోనైనా ప్రాక్టీసు చేయనని చెప్పవచ్చు, కారణం చెప్పనక్కర్లేదు. ఈ మాట ఆడవాళ్లను పక్కకు పిలిచి చెవిలో చెప్పడు. చేరిన రోజే మగవాళ్లకూ అందరి ముందే చెబుతాడు: "వద్దంటే వద్దు, ఎందుకని అడగద్దు." నేను రెండు మూడుసార్లు వద్దన్నాను. అవతలివాళ్లు తలూపి ఇంకొకరితో జత కట్టారు. మొహం మాడ్చుకోవడాలు, తర్వాత గుసగుసలు ఏమీ లేవు. బట్టలు మార్చుకునే గది మాత్రం అగ్గిపెట్టంత, తలుపు గడియ ఎన్నిసార్లు చెప్పినా బాగు చేయించరు.

మ్యాట్లు తుడిచే వంతులు వైట్‌బోర్డు మీద ఉంటాయి. వకీలుగారికీ వంతు ఉంది, కోచ్‌కీ ఉంది. తామర సోకినవాళ్లు తగ్గేదాకా మ్యాట్ ఎక్కకూడదు. ఆ మాట విడిగా చెబుతారు, ఆ నెల ఫీజు తర్వాతి నెలకు వేసుకుంటారు. ప్రాక్టీసు జరుగుతుండగా వీడియోలు నిషేధం. ఇది నాకు మొదట చాదస్తం అనిపించింది గానీ, కెమెరా ఉంటే మనిషి మారిపోతాడు. తను పడేసే క్లిప్పు రీల్స్‌లో పెట్టాలనుకునేవాడు ఎదుటివాణ్ణి జాగ్రత్తగా దించడు.

బెల్టుల విషయంలో తల్లిదండ్రులకు అసంతృప్తి ఎక్కువ. మా అబ్బాయి అంతకుముందు వెళ్లిన ఒక కరాటే క్లాసులో మూడు నెలలకో రంగు, రంగుకో పరీక్ష ఫీజు. ఇక్కడ పరీక్షా లేదు, ఫీజూ లేదు, బెల్టు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. జియు-జిత్సులో ఎలాగూ పదహారేళ్లు వస్తే గానీ బ్లూ బెల్టు ఇవ్వరు, బ్లాక్ బెల్టుకు పదేళ్లు పట్టడం మామూలే. మావాడికి ఇంట్లో చుట్టాలు "ఏ బెల్టు రా?" అని అడిగినప్పుడల్లా ఇబ్బందే.

ఇప్పుడు నాకు నచ్చనిది. అహం వద్దు వద్దు అంటూ ఇక్కడ గెలవాలనే కోరికను కూడా కొన్నాళ్లు అణిచేశారు. ఒక ఇంటర్ అమ్మాయి జూడో పోటీకి వెళ్లింది. మా దగ్గర నిదానంగా, ఒకరికొకరు చోటిచ్చుకుంటూ ఆడటమే ఆమెకు తెలుసు. పోటీలో నాలుగు నిమిషాల బౌట్, దాడి చేయకుండా కాచుకుని ఉంటే షిడో అనే పెనాల్టీ, మూడు షిడోలు వస్తే బయటికే. ఆ పిల్ల అలాగే బయటికొచ్చింది. బస్సులో ఏడుస్తూ ఉంటే "పర్లేదు, నేర్చుకున్నవ్ కదా" అన్నారు. ఆమెకు కావాల్సింది ఆ మాట కాదని నా అభిప్రాయం. మన నిజామాబాద్ అమ్మాయి, బాక్సర్ నిఖత్ జరీన్ 2019లో మేరీ కోమ్‌తో ట్రయల్ బౌట్ పెట్టమని బాహాటంగా అడిగింది, ఆ ట్రయల్‌లో ఓడింది, 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ చాంపియన్ అయింది. అలా అడగడాన్ని అహం అనే క్లాసులో ఆమెలాంటివాళ్లు తయారవుతారా? ఈ మాటే కోచ్‌తో అంటే కాసేపు మాట్లాడలేదు. రెండు వారాల తర్వాత శనివారాలు పోటీ బ్యాచ్ మొదలైంది: టైమర్, రిఫరీ, స్కోరు అన్నీ ఉంటాయి. అక్కడ గొంతులు లేస్తాయి, ఒక్కోసారి చిరాకులు పడతారు. బౌట్ అయ్యాక ఓడినవాళ్లకు గెలిచినవాళ్లే తప్పు ఎక్కడ జరిగిందో చూపించాలన్న నియమం మాత్రం ఉంది.

ఎండాకాలం గురించి చెప్పకపోతే అన్యాయం. ఏప్రిల్, మే నెలల్లో రేకుల కింద సాయంత్రం బ్యాచ్ నరకం, రెండు కూలర్లు ఏ మూలకూ చాలవు. అప్పుడు పొద్దున ఐదున్నర బ్యాచ్‌కి మారండి. మేడారం జాతర రోజుల్లో సగం మంది ఉండరు, క్లాసు పెట్టినా పెట్టనట్టే. బండ్లు పెట్టుకోవడానికి చోటు లేదు. బరువు తగ్గడమే మీ ఉద్దేశమైతే దీనికన్నా వాకింగ్ నయం, ఎందుకంటే మొదటి రెండు నెలలు ఎక్కువగా పడటం, దొర్లడమే నేర్పిస్తారు.

మొదటి వారం ఫీజు తీసుకోరు. వెళ్లే ముందు చేతి గోళ్లు, కాలి గోళ్లు కత్తిరించుకోండి. లేదంటే మెట్ల దగ్గర దారానికి వేలాడదీసిన నెయిల్ కట్టర్ మీ చేతిలో పెట్టి, పని అయ్యేదాకా అక్కడే నిలబెడతారు.